కుక్కతో చెప్పిన మాట

‘ఆల్చిప్పల రేవు’ – పదకొండో భాగం

గురువారం విమానంలో ఆస్ట్రేలియా ఉత్తర తీరంలోని డార్విన్ నగరం నుంచి పిల్లల సంక్షేమ అధికారి వస్తోందని, పది నెలల జైరస్‌ని వెంట తీసుకుపోవడానికే వస్తోందని కబురు అందింది. పోయిన వారం అక్కడ ఆగాం. ఆ కబురు విని జైరస్ అమ్మమ్మ మెర్లీన్ గడపలో కూలబడి ఉంటుందని ఎవరైనా అనుకుని ఉంటే, పది వారాలుగా ఆమె వెంట నడుస్తున్నా ఆమెను ఇంకా సరిగ్గా చూడలేదన్నమాట. ఆమె బకెట్టూ తవ్వుకోలా తీసుకుని, నీళ్ళు వెనక్కి తగ్గే వేళ చూసుకుని, మడ అడవిలోకి వెళ్ళింది. పెళ్ళికి ముందు క్రైస్తవ మిషన్ వాళ్ళ కట్టెల లారీ తోలిన చేతులు అవి. మోకాలిలోతు బురదలో రెండు రోజులు వరసగా తవ్వినా వణకలేదు. గురువారం పొద్దున విమానం వాళ్ళ ఆదివాసీ ఊరు గర్రింబా మీద చుట్టు తిరిగేసరికి, ఆమె పెరట్లో నిప్పుల మీద ఆల్చిప్పలు నోళ్ళు తెరుస్తున్నాయి.

"వాళ్ళొస్తున్నారని మన పొట్టలు మాడ్చుకుంటామా?" అంది చెల్లెలు డల్సీతో. "తిండి వండే ఇంటికే వచ్చామని వాళ్ళకి తెలియాలి."

డల్సీ నవ్వి, ఊదుతూ ఒక ఆల్చిప్ప ఖాళీ చేసింది. జైరస్ తల్లి రోషేల్ మాత్రం వాటివైపు చూడలేదు. పందొమ్మిదేళ్ళ పిల్ల. స్తంభానికి ఆనుకుని, ప్లాస్టిక్ గ్లాసు నిండా ఐసు ముక్కలు పెట్టుకుని కరకరా నములుతోంది. పళ్ళు అరిగిపోతాయని మెర్లీన్ ఆ పూటకి రెండోసారి తిట్టింది. రోషేల్ ఎప్పటిలాగే విననట్టు ఉండిపోయింది. జైరస్ తండ్రి దూరాన పశువులు పెంచే పెద్ద స్టేషన్‌లో పనిలో ఉన్నాడు. వానలు మొదలయ్యాక గానీ రాడు.

మార్చిలో క్లినిక్ వాళ్ళు జైరస్ వేలు గుచ్చి చూస్తే మిషన్ మీద ఎనభై ఎనిమిది అని వచ్చింది. నూటపది ఉండాలి. ఒంట్లో రక్తం తక్కువ, ఇనుము తక్కువ, రోజూ టానిక్ పట్టాలి అన్నారు. ఆ టానిక్ ఇంటికి చేర్చడానికి క్లినిక్ మనిషి మూడుసార్లు వచ్చాడు. మూడుసార్లూ రికార్డులో ఒకే మాట పడింది: నిరాకరించారు. ఆ మాట ఒకసారి రాస్తే కాయితం బల్ల మీదే ఉంటుంది. మూడుసార్లు రాస్తే దానికి కాళ్ళొచ్చి డార్విన్ దాకా నడుస్తుంది.

సముద్రం ఒడ్డున, మెర్లీన్ పెరటి చివర ముసలి చింతచెట్టు కింద చాపలు వేశారు. అధికారికి ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆమె పేరు మిస్ ప్రూయిట్. సన్నగా, ఎండకి కందిన ముఖంతో, మోకాళ్ళ మీద ఫైలు పెట్టుకుని కూర్చుంది. పక్కన నర్సు జోవాన్. రెండు వానాకాలాలు ఇక్కడ గడిపిన మనిషి కాబట్టి, జోవాన్ కుర్చీ అడగకుండా చాప మీదే కూర్చుంది. చుట్టూ పదీ పన్నెండు మంది ఆడవాళ్ళు, వాళ్ళ ఒళ్ళో పిల్లలు.

నలభై అడుగుల అవతల పెరటి కంచె, కంచె బయట క్లినిక్ తెల్ల జీపు. జీపుకి ఆనుకుని, ఇటు వీపు పెట్టి, సముద్రాన్ని చూస్తూ సైలస్. టానిక్ తెచ్చిన క్లినిక్ మనిషి అతనే. చెట్టుకీ జీపుకీ సరిగ్గా మధ్యలో, కంచె సందులోంచి తల బయటికి పెట్టి, ఊరికి పెద్దలా పడుకుంది కెప్టెన్ అనే పసుపు కుక్క.

సైలస్ మెర్లీన్‌కి అల్లుడి వరస. రోషేల్‌ని చేసుకున్నవాడని కాదు. రోషేల్ పుట్టకముందే, సైలస్ పుట్టిన రోజునే ఆ వరస పడిపోయింది. ఆ వరసవాళ్ళు ఎదురుపడరు. ఒకరితో ఒకరు మాట్లాడరు, ఒకరి పేరు ఒకరు పలకరు. ఒకరున్న నీడలోకి ఇంకొకరు రారు. ఒకరి చేతి వస్తువు ఇంకొకరు ముట్టరు. అందులో కోపం లేదు. గర్రింబాలో అంతకు మించిన మర్యాద లేదు.

మిస్ ప్రూయిట్ మెత్తగా మొదలుపెట్టింది. ఇక్కడికి ఎవరినీ తప్పుపట్టడానికి రాలేదంది. అందరం బిడ్డ మంచి కోసమే కూర్చున్నామంది. మెర్లీన్‌కి ఆ మెత్తదనం కొత్త కాదు. గొంతు ఎంత మెత్తగా ఉంటే చేతిలోని కాయితం అంత గట్టిదని ఆమెకి చిన్నప్పుడే తెలిసింది. ఆమెకొక అక్క ఉండాలి. ఆ అక్క అయిదేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, నీరసంగా ఉంది, బలం వచ్చాక పంపిస్తాం అని ఒక తెల్లచొక్కా ఆయన ఇంతే మెత్తగా చెప్పి లారీ ఎక్కించాడు. బలం వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. అక్క మాత్రం రాలేదు.

మిస్ ప్రూయిట్ తేదీలు చదివింది. ఏప్రిల్‌లో ఒకటి, మేలో రెండు. మూడుసార్లూ కుటుంబం మందు నిరాకరించింది. ఈ పరిస్థితిలో బిడ్డని మూడు నెలలు డార్విన్‌లో ఒక మంచి ఇంట్లో ఉంచి, ఆరోగ్యం కుదుటపడ్డాక తిరిగి పంపిస్తారు. తల్లీ అమ్మమ్మా ఇష్టపడి సంతకం పెడితే అంతా సులువుగా అయిపోతుంది.

"పెట్టను" అంది మెర్లీన్.

సంతకం లేకపోతే కోర్టు దారి ఉంటుందని, అది అందరికీ కష్టమని మిస్ ప్రూయిట్ చెప్పింది.

"నాకు మందు ఎవరూ ఇవ్వలేదు. నేను వద్దనలేదు. జరగనిదానికి నేను సంతకం పెట్టను."

మిస్ ప్రూయిట్ జోవాన్ వైపు చూసింది. జోవాన్ కంచె వైపు చూసింది. ఆ చూపుని చాపల మీద ఉన్న ఏ ఆడమనిషీ అనుసరించలేదు. అందరూ ఒక్కసారిగా తమ పిల్లల చెవుల్లో మట్టి వెతకడం మొదలుపెట్టారు.

ఆయన్ని పిలిస్తే తేలిపోతుంది కదా అంది మిస్ ప్రూయిట్. పేరు పెట్టి రెండుసార్లు పిలిచింది. సైలస్ వీపు కదల్లేదు. మెడ మాత్రం ఇంకొంచెం వంగింది. ఆయనకి ఇక్కడ ఎవరి దగ్గరైనా భయమా అని మిస్ ప్రూయిట్ గొంతు తగ్గించి జోవాన్‌ని అడిగింది. డల్సీ తల దించుకుని, భుజాలు కదిలేలా నవ్వుకుంది.

ఉన్నమాట చెప్పేస్తే మెర్లీన్ ఆ క్షణమే బయటపడేది. ఫలానావాడు నా ఎదుటికి రాలేడు, అందుకే మందు నా గడప తొక్కలేదు అంటే చాలు. కానీ ఆ మాట ఆమె నోటితో, ఇంతమందిలో, పైవాళ్ళ ముందు అనడం అంటే అతన్ని నిలబెట్టి గుడ్డలు విప్పడమే. రోషేల్ నోరు తెరవబోయింది. "అమ్మా, నేను చెప్పేస్తా..." అంటుండగానే మెర్లీన్ చెయ్యెత్తింది. రోషేల్ మళ్ళీ ఐసు నోట్లో వేసుకుంది.

మెర్లీన్ కుక్క వైపు తిరిగింది. తర్వాత, తెల్లవాళ్ళకీ అర్థమయ్యేలా ఇంగ్లీషులోనే, కొంచెం గొంతు పెంచి మాట్లాడింది.

"ఒరే కెప్టెన్. ఆ తెల్ల జీపు దగ్గరికి రోజూ వెళ్ళి బిస్కెట్లు తింటావుగా. తినడమేనా, ఏమైనా పనికొస్తావా? మా జైరస్ మందు మా గడప దాకా ఎందుకు రాలేదో నీకేమైనా తెలుసా?"

కెప్టెన్ ఒక చెవి లేపింది.

జీపు దగ్గర సైలస్ కాలు మార్చి నిలబడ్డాడు. అతని గొంతు వినిపించింది. సముద్రంతో మాట్లాడుతున్నట్టే ఉంది.

"కెప్టెన్, అడిగినవాళ్ళకి చెప్పు. మూడుసార్లూ వచ్చాను. కంచె దాకానే వచ్చాను. వచ్చిన ప్రతిసారీ ఆ పెద్దావిడ పెరట్లోనే ఉన్నారు. మందు సంచీ గుంజకున్న మేకుకి తగిలించి పోయాను, ఇంకెవరైనా లోపలికి తీసుకెళ్తారని. తర్వాత టాబ్ తీశాను. అందులో మూడు గడులే ఉన్నాయి. ఇచ్చాను, ఇంట్లో లేరు, నిరాకరించారు. నా చేత్తో ఇవ్వలేదు కాబట్టి ఇచ్చానని నొక్కలేను. ఇంట్లో ఉన్న మనిషిని లేరని నొక్కలేను. అది అబద్ధం అవుతుంది."

కాలి కొనతో మట్టిలో ఒక గడి గీశాడు.

"మిగిలింది ఒక్క గడే, కెప్టెన్."

జోవాన్ అరచేత్తో నుదురు పట్టుకుంది. మిస్ ప్రూయిట్ కలం పట్టుకునే ఉంది గానీ ఏమీ రాయలేదు.

మెర్లీన్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది. మాట నెమ్మదిగా వచ్చింది. "కెప్టెన్, ఆ సంచీలు నేను చూశాను. ఏ చేతి వస్తువో నాకు తెలుసు. అందుకే మా ఇంట్లో ఎవర్నీ ముట్టనివ్వలేదు. ఎవరిదీ, ఏమిటీ అని అడగడం కూడా తప్పని ఊరుకున్నాను. వచ్చి తీసుకుపోతారనుకున్నాను. గాలికి కింద పడ్డప్పుడు, కుక్కలు లాగకుండా కంచె పక్కనే గొయ్యి తీసి, చెయ్యి తగలకుండా కర్రతో తోసి కప్పిపెట్టాను. మూడూ అక్కడే ఉన్నాయి. మర్యాదగా."

ఎవరూ నవ్వలేదు. ఇద్దరు మనుషులు ఒక్క తప్పటడుగు కూడా వెయ్యకుండా, నేర్పినట్టు నడుచుకున్నారు. మధ్యలో పిల్లవాడికి నాలుగు నెలలుగా మందు లేదు.

ఇంత చిన్న విషయం తనతో ఎందుకు చెప్పలేదని జోవాన్ జీపు వైపు తిరిగి అడిగింది. ఆ గొంతులో నిష్ఠూరం ఉంది. సైలస్ తరఫున డల్సీ చెప్పింది: నీతో చెప్పాలంటే మా అక్క సంగతి నోటితో అనాలిగా, తల్లీ.

"ఇప్పుడు చెప్పారు కదా" అంది మిస్ ప్రూయిట్.

"కుక్కతో చెప్పాడండీ" అంది డల్సీ. "మీతో ఎక్కడ చెప్పాడు?"

అప్పుడు నవ్వారు. మిస్ ప్రూయిట్ కూడా పెదవి చివర కొంచెం నవ్వబోయింది. అంతలో సైలస్ గొంతు మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకా తగ్గి ఉంది.

"ఇంకొక్క మాట కూడా అక్కడ చెప్పు, కెప్టెన్. ఏప్రిల్ నుంచి గొంతులో ఉన్న మాట. కంచె దగ్గర నిలబడ్డ మూడుసార్లూ బిడ్డ చేతిలో సీసా చూశాను. అందులో టీ ఉంది. టీ తాగిన పొట్ట తిండిలో ఉన్న ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. అంత కష్టపడి బురదలో తవ్వి తెచ్చి పెడుతున్నారు. పెట్టి, మీద టీ పోస్తున్నారు. పెద్దావిడ మీద గౌరవం ఉంది కాబట్టే చెప్తున్నాను."

జైరస్ సీసా చాప మీదే ఉంది. అడుగున రెండు వేళ్ళ ఎత్తున ఎర్రటి టీ, పాలపొడి, చక్కెర. ఎవరూ దానివైపు చూడకూడదనుకుంటూనే అందరూ చూశారు. జైరస్ నిద్రలో పెదవులు చప్పరించాడు.

మెర్లీన్‌కి చెంపదెబ్బ తిన్నట్టయింది. పొద్దునా సాయంత్రం ఆల్చిప్పల గుజ్జు చిదిమి, వేలితో ఆ చిన్న నోట్లో పెట్టి, పిల్లవాడు మొహం చిట్లిస్తే ముద్దుగా టీ పట్టింది తనే. ఇంకెవరూ కాదు.

కలం చప్పుడు వినిపించింది. మిస్ ప్రూయిట్ రాస్తోంది.

"రాస్తున్నారా?" అంది మెర్లీన్. "ఆగకండి. మెర్లీన్ తన మనవడికి సీసాతో టీ పట్టింది అని రాయండి. అది నిజం. కింద ఇంకో వాక్యం కూడా పట్టేలా చోటు ఉంచండి. నేను పుట్టినప్పుడు పాదిరీల మిషన్‌లో మా అమ్మకి వారానికోసారి పిండి, చక్కెర, టీ ఆకు కొలిచి ఇచ్చేవాళ్ళు. పిల్లకి ఆ బురద కాయలు పెట్టకు, రోగాలొస్తాయి, ఇది పట్టు అని మా అమ్మ చెయ్యి పట్టుకుని చూపించింది మీ నర్సమ్మే. మీరు నేర్పారు, మా అమ్మ నేర్చుకుంది, నేను మా అమ్మని చూసి నేర్చుకున్నాను. తప్పని ఇవాళ తెలిసింది. ఇవాళే మానేస్తున్నాను. చూడండి."

సీసా మూత తిప్పి, ఆ టీని చింతచెట్టు వేరు మీద ఒంపేసింది. చివరి చుక్క దాకా విదిలించింది.

"నాకు మారడానికి ఇంతసేపు పట్టింది. మీ టాబ్‌లో నాలుగో గడి పెట్టడానికి మీకు ఎన్నేళ్ళు పడుతుందో చూస్తాను. నా తప్పు ఎంతో అంతా రాసుకోండి. కానీ వద్దంది అన్న మాట కొట్టెయ్యండి. నా గడప దాటని మందుని నేను వద్దనలేదు."

రికార్డులో ఒకసారి పడ్డ మాట కొట్టెయ్యడం తన చేతిలో లేదని, పక్కన వివరణ మాత్రం చేర్చగలనని మిస్ ప్రూయిట్ చెప్పింది. చేర్చండి, కుక్క సాక్ష్యం చెప్పిందని కూడా చేర్చండి అంది డల్సీ. కానీ మిస్ ప్రూయిట్ ఈసారి నవ్వలేదు. వివరణ వేరు, బిడ్డ ఒంట్లో రక్తం వేరు అంది. ఎనభై ఎనిమిది మార్చి నాటి లెక్క. నాలుగు నెలలు మందు లేకుండా, టీతో, ఇంకా దిగి ఉండవచ్చు. దిగి ఉంటే ఎవరి తప్పయినా తను బిడ్డని ఇక్కడ వదిలి వెళ్ళలేనంది.

అది న్యాయమైన మాట. అందుకే మెర్లీన్ వెంటనే పట్టుకుంది.

"అయితే ఇప్పుడే చూడండి. ఇక్కడే, అందరి ముందూ. నా వేలు ముందు గుచ్చండి, మీ మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తెలుస్తుంది. తర్వాత వాడిది. లెక్క చూడకుండా నా మనవడిని ఎవరూ ఈ చాప మీద నుంచి ఎత్తరు."

ఎవరూ చెప్పకుండానే ఆడవాళ్ళు తమ చాపలు జరుపుకుని ఆమె చుట్టూ దగ్గరగా కూర్చున్నారు.

జోవాన్ సంచీలోంచి అరచేతిలో పట్టే మిషన్ తీసింది. మెర్లీన్ వేలు గుచ్చింది. నూటపద్దెనిమిది. ముసల్దానికి ఇంత రక్తం ఎందుకో, కొట్లాడటానికి కాకపోతే అంది డల్సీ. తర్వాత జైరస్. సూది దిగగానే నిద్రలేచి, ముందు ఆశ్చర్యపడి, ఆ తర్వాత చెట్టు మీద పిట్టలన్నీ లేచేలా ఏడ్చాడు. ఆ ఏడుపులో బలం ఉందని మెర్లీన్ మనసులో అనుకుంది. మిషన్ కాసేపు ఆలోచించింది. ఆడవాళ్ళు మెడలు చాచారు.

తొంభై ఒకటి.

మార్చి కంటే మూడు ఎక్కువ. అదేమీ పెద్ద గెలుపు కాదు. నూటపది ఎక్కడ, తొంభై ఒకటి ఎక్కడ. అయినా దిగలేదు. టీ అడ్డుపడ్డా ఆల్చిప్పలు ఎంతో కొంత చేశాయేమో. జోవాన్ నేరుగా మిస్ ప్రూయిట్‌తోనే చెప్పింది: దీన్ని ఇక్కడే బాగుచెయ్యొచ్చు. ఆడ ఆరోగ్య కార్యకర్త ఎవరూ లేరు కాబట్టి టానిక్ ఇక నేనే తెచ్చి ఇస్తాను. టీ మానేస్తారు, నెలనెలా చూస్తాను. డార్విన్ అవసరం లేదు. కావాలంటే నేను రాసిస్తాను.

మిస్ ప్రూయిట్ కలానికి మూత పెట్టింది. సంతకం లేని కాయితాన్ని ఫైలు అడుక్కి తోసింది. చింతచెట్టు కింద ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. డల్సీ లేచి, ఇక ఆల్చిప్పలు తినొచ్చుగా అని అధికారికి ఆకులో పెట్టి ఇచ్చింది. ఆమె మొహమాటపడుతూనే ఒకటి నోట్లో వేసుకుంది.

మిషన్ బయటే ఉంది కాబట్టి మిగతా పిల్లల్ని కూడా చూస్తానంది జోవాన్. వరస కట్టారు. కొందరిది నూట ఐదు, కొందరిది తొంభై ఏడు. డల్సీ మనవరాలిది నూటపన్నెండు వస్తే ఆమె చెట్టు చుట్టూ ఎత్తుకు తిప్పింది. ఆ ఊపులోనే రోషేల్ చెయ్యి పట్టి లాగింది. "రావే, నీదీ చూద్దాం. ఐసు తినేవాళ్ళకి రక్తం ఉంటుందో, నీళ్ళే ఉంటాయో."

రోషేల్ వద్దంది. ఆ వద్దనడంలో ఆటలేదని మెర్లీన్ ఒక్కతే గమనించింది. అప్పటికే డల్సీ ఆమె వేలు జోవాన్ చేతిలో పెట్టేసింది.

అరవై ఒకటి.

జోవాన్ ఇంకో వేలు గుచ్చింది. అరవై ఒకటే. రోషేల్ కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లకాయితంలా ఉంది.

"ఐసు ఎన్నాళ్ళుగా నములుతున్నావు, రోషేల్? ఒంట్లో రక్తం బాగా తగ్గినవాళ్ళకే ఇలా నమలాలనిపిస్తుంది."

రోషేల్ తల్లి వైపు చూసింది.

"ఎన్నో నెల?" అని జోవాన్ ఇంకా మెల్లగా అడిగింది.

"నాలుగు."

గ్లాసులో ఐసు కరిగి ముక్కలు ఒకదానిమీద ఒకటి జారిన చప్పుడు మెర్లీన్‌కి వినిపించింది. మూడు నెలలుగా ఆ కరకర తన చెవిలోనే ఉంది. పళ్ళు పోతాయని తిట్టింది. ఎందుకు నములుతున్నావని ఒక్కసారి అడగలేదు. జైరస్ నోట్లో ఏం పోతోందో చూసింది గానీ, జైరస్‌కి పాలిచ్చే పిల్ల నోట్లో ఏం పోతోందో చూడలేదు.

జోవాన్ అప్పటికే లేచింది. ఈ లెక్కతో ఒక్కరోజు కూడా ఇక్కడ ఉంచడం కుదరదంది. ఇదే విమానంలో డార్విన్ వెళ్ళాలి, రక్తం ఎక్కించాలి. మెర్లీన్ ముందు ఒక్క క్షణం మోకాళ్ళ మీద కూర్చుని చెప్పింది: "పుట్టే బిడ్డ తల్లి దగ్గర్నుంచే ఇనుము తెచ్చుకుంటుంది అమ్మా. జైరస్‌కి అది తక్కువైంది ఇందుకే. తల్లి దగ్గరే లేకపోతే ఈ రెండోది ఏం తెచ్చుకుంటుంది?"

మెర్లీన్ తలూపింది. దీనికి ఎదురు లేదు. నిజానికి ఎదురు చెప్పే మనిషీ కాదు ఆమె.

ఫైలు మళ్ళీ తెరుచుకుంది. పాలు తాగే బిడ్డ తల్లితోనే రావాలంది మిస్ ప్రూయిట్. తల్లి ఆసుపత్రి మంచం మీద ఉంటే బిడ్డని చూసుకోవడానికి వెంట ఇంట్లో పెద్దవాళ్ళు ఒకరు ఉండాలి. లేకపోతే ఆమె కోలుకునేదాకా బిడ్డ మా సంరక్షణలో ఉంటాడు. అది రూల్. గొంతు మళ్ళీ మెత్తబడింది.

"వెంట నేనున్నాను" అంది మెర్లీన్.

మెర్లీన్ తోడు వెళ్తుందన్న కాయితం జోవాన్ తన కారు బానెట్ మీదే రాసి సంతకం పెట్టింది. విమానం పదకొండుకి లేస్తుంది. పైలట్ తూర్పున మబ్బు చూసి, ఒక్క నిమిషం ఆగనని ముందే చెప్పాడు. అప్పుడు టైము పదిన్నర. విమానం దిగే మైదానం ఐదు కిలోమీటర్లు, అంతా ఎర్రమట్టి గుంటల దారి. జోవాన్ చిన్న కారులో వెనక జైరస్ సీటు, పక్కన తల వాల్చేసిన రోషేల్. ముందు మిస్ ప్రూయిట్. ఇంకో మనిషి పట్టదు.

"మీరు జీపులో వెనకే వచ్చెయ్యండి, సైలస్ తీసుకొస్తాడు" అని కిటికీలోంచి అరిచి జోవాన్ కారు కదిలించింది. మలుపు తిరిగాక గాని తనేమన్నదో ఆమెకి తట్టి ఉండదు. కారు అద్దంలోంచి రోషేల్ మొహం వెనక్కి తిరిగే ఉంది. దుమ్ము కప్పేసింది.

ఆ జీపు తప్ప గర్రింబాలో ఆ పూట తిరిగే బండి ఇంకోటి లేదు. ఆ జీపులో అతను ఉండగా ఆమె ఎక్కకూడదు. ఆమె ఉండగా అతను తోలకూడదు. డల్సీకి బండి తోలడం రాదు. ఇక్కడున్న ఆడవాళ్ళలో స్టీరింగ్ పట్టింది ఒక్క మెర్లీనే, అదీ ముప్పై ఐదేళ్ళ కిందట.

క్లినిక్ బండి ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. నిరుడు బావమరిదికి ఒక్క సాయంత్రం ఇచ్చినందుకే సైలస్‌కి హెచ్చరిక కాయితం వచ్చింది. రెండోది వస్తే ఉద్యోగం ఉండదని అందులోనే రాసి ఉంది. ఊరందరికీ తెలుసు.

సైలస్ జేబులో చెయ్యి పెట్టాడు. తల దించుకుని, మొహం పక్కకి తిప్పుకుని, కంచె దాకా వచ్చాడు. గుంజకున్న ఆ మేకుకే, మూడు సంచీలు తగిలించిన మేకుకే, జీపు తాళం తగిలించాడు. తర్వాత వెనక్కి తిరిగి, పరుగు కాదు గానీ పరుగులాంటి నడకతో మడ అడవిలోకి వెళ్ళిపోయాడు.

తాళం గాలికి ఊగుతోంది. దాని కింద నేలలో మూడు చిన్న గోతులు, వాటి మీద ఇప్పటికే గడ్డి మొలిచింది.

"అక్కా" అంది డల్సీ.

మైదానం వైపు నుంచి విమానం ఇంజను తిరగడం మొదలైన చప్పుడు వచ్చింది. ఇంకా పదకొండు కాలేదు.

మెర్లీన్ కంచె దగ్గరికి నడిచింది. గుంజ ముందు నిలబడి చెయ్యి చాచింది. అది ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత తాళాన్ని మేకు మీద నుంచి తీసి పిడికిట్లో పట్టుకుంది. ఇనుము ఎండకి కాలుతోంది.

కెప్టెన్ లేచి తోక ఊపింది.

"మడ అడవిలోకి పరుగెత్తి ఆయనతో చెప్పు, కెప్టెన్" అంది మెర్లీన్, జీపు తలుపు తెరుస్తూ. "ఈసారి తీసుకున్నానని చెప్పు."